ఆడవాళ్లకి బోర్డు డైరెక్టర్ ట్రైనింగ్ అంటే వెళ్లా, రెండో రోజే బావుంది

హైటెక్ సిటీ దగ్గర ఓ హోటల్లో రెండ్రోజుల వర్క్‌షాప్. కంపెనీ బోర్డుల్లోకి వెళ్లాలనుకునే ఆడవాళ్లకంట. నిర్వాహకుల పేరు చెప్పను గానీ జీఎస్టీతో కలిపి 21 వేల చిల్లర అయింది.

అసలు నేనెందుకు వెళ్లానంటే, చాలా ఏళ్ల కింద మా మరిది కంపెనీ పెడుతూ "ఇద్దరు డైరెక్టర్లు ఉండాలంట వదినా, ఊరికే పేరుకే, ఇక్కడో సంతకం పెట్టు" అన్నాడు, పెట్టేశా. ప్రైవేట్ లిమిటెడ్‌కి కనీసం ఇద్దరు కావాలి కదా, వదినలూ అమ్మలూ ఇలాగే డైరెక్టర్లైపోతుంటారు. కంపెనీ ఏటా ప్రభుత్వానికి ఇవ్వాల్సిన రిటర్న్స్ మూడేళ్లు వరసగా వేయకపోతే దాని డైరెక్టర్లు ఆ పదవికి ఐదేళ్లు అనర్హులవుతారని, 2017లో అలా లక్షల మంది పేర్లు లిస్టుకెక్కాయని ఈమధ్యే తెలిసింది, రెండు రాత్రులు నిద్ర పట్టలా. మావాడు టైముకి వేశాడు కాబట్టి బతికిపోయా.

మొదటి రోజు దండగ. ఏ రంగు చీర కట్టాలి, లింక్డిన్ ఫొటోలో ఎలా నవ్వాలి, ఇదే గోల. శోభన కామినేని గారు 2017లో పరిశ్రమల సంఘం సీఐఐకి తొలి మహిళా ప్రెసిడెంట్ అయ్యారని స్లైడ్ వేశారు, ఆవిడ కష్టం ఆవిడదే, కాదన్ను, కానీ అపోలో ప్రతాప్ రెడ్డి గారింట్లో పుట్టలేదు కదా మనం, మనకి దారేదో చెప్పండి అంటే సమాధానం లేదు. ఇండిపెండెంట్ డైరెక్టర్ల (అంటే కంపెనీ యజమానులతో సంబంధం లేని బయటి డైరెక్టర్ల) పరీక్షకి 60 శాతం రావాలన్నారు, అది 2020 చివర్లోనే 50 చేశారు, స్లైడ్ మార్చుకోలేదన్నమాట. ఇంత డబ్బు తీసుకుని!

రెండో రోజు రిటైర్డ్ కంపెనీ సెక్రటరీ మేడం ఒకావిడ వచ్చారు. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ (షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్న) కంపెనీలకి, 100 కోట్ల పెయిడప్ క్యాపిటల్ (వాటాదార్లు కట్టిన మూలధనం) గానీ 300 కోట్ల టర్నోవర్ గానీ ఉన్న పబ్లిక్ కంపెనీలకి బోర్డులో ఒక్క మహిళైనా ఉండాలంది. చాలామంది ప్రమోటర్లు, అంటే కంపెనీ యజమానులు, భార్యనో కూతుర్నో కూర్చోబెట్టి సరిపెట్టేశారు. దాంతో స్టాక్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ ఆ మహిళ ఇండిపెండెంట్ అయ్యుండాలంది, టాప్ 500 లిస్టెడ్ కంపెనీలకి 2019 ఏప్రిల్ నుంచి, టాప్ 1000కి 2020 ఏప్రిల్ నుంచి. ఇంత తేటగా నాకెవరూ చెప్పలా.

తర్వాత ఉత్తుత్తి బోర్డు మీటింగ్. ఓ లిస్టెడ్ కంపెనీ అనుకోండి అని 40 పేజీల కట్ట చేతికిచ్చి పావుగంట టైమిచ్చారు. జీడిమెట్లలో ఫ్యాక్టరీ ఉన్న ఒకావిడ ఎండీ, నేను ఇండిపెండెంట్ డైరెక్టర్. అందరం ఉస్మానియా బిస్కెట్లు తింటూ ఒక్కో ఐటమ్‌కీ అప్రూవ్డ్, అప్రూవ్డ్ అంటూ పోయాం. మేడం ఆపి "31వ పేజీ ఎవరు చదివారమ్మా?" అన్నారు. గోడౌన్ అద్దె నెలకి 4 లక్షలు, ఓనర్ ఎవరంటే ఎండీ గారి భర్త! ఒక్కళ్లమూ చూళ్లేదు. ఆ ఐటమ్ వచ్చినప్పుడు ఎండీ చర్చలో కూర్చోకూడదు, ఓటెయ్యకూడదు, మీకు అభ్యంతరముంటే మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, రాయించండి, బయట కాఫీ తాగుతూ గొణుక్కుంటే లెక్కలోకి రాదు అన్నారు. ఆ ఒక్క గంటకే నా డబ్బుల్లో సగం వసూలు.

భోజనం బావుంది, బగారా రైస్ ఇంకా బావుంది. పార్కింగ్ మాత్రం నరకం.

ఇంకో కోపం ఏంటంటే, ప్లేస్‌మెంట్ సపోర్ట్ ఇస్తామన్నారు, తీరా చూస్తే ఇండిపెండెంట్ డైరెక్టర్ల పేర్లుండే ఐఐసీఏ డేటాబ్యాంక్ లింక్ ఒకటి వాట్సాప్‌లో పడేశారు. అది ప్రభుత్వానిది, ఎవరైనా సొంతగా నమోదు చేసుకోవచ్చు, దానికి వీళ్లెందుకు?

ఐదుకి రెండున్నర ఇస్తున్నా, అందులో రెండు మేడం గారికే. రెండో రోజు ఒక్కటే విడిగా పెడితే మళ్లీ వెళ్తా.

ఇంటికొచ్చాక మరిదికి ఫోన్ చేసి మినిట్స్ పుస్తకం పంపించమన్నా. "ఇప్పుడవన్నీ ఎందుకు వదినా" అని నసిగి చివరికి పంపాడు. చూస్తే ప్రతి మీటింగుకీ నేను హాజరైనట్టే రాసుంది, నేనైతే ఒక్కదానికీ వెళ్లలేదు. వచ్చే మీటింగ్ మా ఇంట్లోనే పెట్టమన్నా, పెసరట్టు ఉప్మా చేస్తా, కాయితాలు మాత్రం వారం ముందే పంపాలని చెప్పా.