ముఖనరం నొప్పికి, బీపీ ఉన్న మా అమ్మకు చెన్నైలో జరిగిన శస్త్రచికిత్స

పదిహేనేళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్న మా అమ్మకు, ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే ముఖనరం నొప్పికి చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి న్యూరోసర్జరీ విభాగంలో గత ఏడాది ఆపరేషన్ జరిగింది. ఇదే బాధతో నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే మనవాళ్లకు ఉపయోగపడుతుందని ఆ విభాగం సేవల గురించి రాస్తున్నాను.

కుడి దవడలో కరెంటు షాకులా కొట్టే ఆ నొప్పిని పంటినొప్పి అనుకుని మేము నెల్లూరులోనే రెండు పళ్లు పీకించాం. తరువాత ఈ నరం నొప్పికి ఇచ్చే కార్బమాజెపిన్ మాత్ర కొంతకాలం పనిచేసింది గానీ, మోతాదు పెరిగేకొద్దీ మగత, తూలడం ఎక్కువయ్యాయి. చెన్నైలో డాక్టరుగారు మొదటిరోజే బీపీ మందుల చీటీ అడిగి, అందులో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే థయాజైడ్ మందును గమనించి, వెంటనే సోడియం పరీక్ష చేయించారు. ఆ మందూ, కార్బమాజెపిన్ రెండూ రక్తంలో సోడియంను తగ్గించగలవు. పైగా కార్బమాజెపిన్ వల్ల ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు శరీరంలో త్వరగా ఖర్చైపోయి బీపీ అదుపు తప్పవచ్చు. అంతకుముందు ముగ్గురు వైద్యులకు చూపించినా, ఈ రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు. నా దృష్టిలో ఈ విభాగం గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఎమ్మారైలో ఒక రక్తనాళం మెదడుకాండం దగ్గర నరాన్ని నొక్కుతున్నట్టు కనబడింది. చెంపలోంచి సూది పంపి నరాన్ని వేడితోనో బెలూన్‌తోనో మొద్దుబార్చే పద్ధతి చిన్నదే అయినా, సూది నరాన్ని తాకినప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చనీ, బెలూన్ ఉబ్బినప్పుడు గుండె వేగం పడిపోవచ్చనీ, దానివల్ల ముఖం మొద్దుబారడం కూడా ఉంటుందనీ వివరించారు. చెవి వెనుక ఎముకలో చిన్న రంధ్రం చేసి, రక్తనాళానికీ నరానికీ మధ్య టెఫ్లాన్ దూది పెట్టే ఆపరేషన్‌ను మేము ఎంచుకున్నాం. చేర్చిన ఉదయం బీపీ 188/112 ఉండటంతో మత్తు డాక్టరుగారు ఒప్పుకోలేదు. అమ్మ నొప్పితో నీళ్లు కూడా మింగలేని స్థితిలో ఉన్నందున మాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ మెదడు వెనుక భాగంలో రక్తస్రావం జరిగితే ప్రాణాపాయమని ఆ మత్తు డాక్టరుగారు ఓపికగా చెప్పాక ఊరుకున్నాం. మందులు మార్చి, మూడు వారాల తరువాత ఆపరేషన్ చేశారు. ఆ రాత్రంతా ఐసీయూలో మణికట్టు ధమనిలో పెట్టిన గొట్టం ద్వారా బీపీని క్షణక్షణం కనిపెట్టారు.

లోపాలూ ఉన్నాయి. అంగీకారపత్రం ఇంగ్లీషులో, తమిళంలో మాత్రమే ఉంది; అమ్మకు ప్రతి వాక్యాన్నీ నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది. వాయిదా పడిన రోజు గది అద్దె బిల్లులో వేశారు. అన్నిటికన్నా పెద్ద తప్పు, ఆపరేషన్‌కు ముందు ఆపిన టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్రను మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జి చీటీలో రాయకపోవడం. ఉదయం ఫోన్ చేస్తే సాయంత్రానికి గానీ సమాధానం రాలేదు. బీపీ రోగి విషయంలో ఇంత శ్రద్ధ చూపిన చోట ఆ ఒక్క వరుస మరిచిపోవడం నాకు చాలా బాధ కలిగించింది. మీరు వెళితే, బయలుదేరే ముందే ప్రతి బీపీ మాత్రకూ తేదీ రాయించుకోండి.

కార్బమాజెపిన్‌ను కొద్దికొద్దిగా తగ్గించి రెండు నెలల్లో మానిపించారు. కుడి చెవిలో కొన్నాళ్లు హోరు వినిపించి తగ్గింది. అమ్మ ఇప్పుడు కుడివైపు కూడా నమిలి అన్నం తింటోంది.