ఎడిసన్ డైమండ్ డిస్కా, పాతే నీలం ముల్లా?

ఎడిసన్, పాతే కంపెనీల ఈ రెండు రకాల పాత గ్రామఫోన్ రికార్డుల్లోనూ గాడి పైకీ కిందికీ కదులుతుంది. అందుకే మామూలు స్టీలు ముల్లు పెట్టారో, రికార్డు పోయినట్టే.

1912 నాటి ఎడిసన్ యంత్రంలో సౌండ్‌బాక్సును (ముల్లును పట్టుకుని ధ్వని పుట్టించే భాగం) లోపలికి నడిపేది గాడి కాదు, గేర్లు. వేగం నిమిషానికి 80 చుట్లు. కొనేముందు దాని వజ్రపు ముల్లును భూతద్దంలో చూడండి. అంచు పెచ్చూడితే గాడిలోంచి బూడిదరంగు పొడి లేస్తుంది.

పాతే ముల్లు గుండ్రటి నీలమణి (సఫైర్). పాత పాతేలు (పేరే అంత!) లేబుల్ పక్కన మొదలై అంచుకు పాడతాయి. వేగం 90కి అటూ ఇటూ.

తుడవడంలోనే చాలామంది దెబ్బతింటారు. ఎడిసన్ రికార్డుకు నీళ్లు తగిలితే లోపలి చెక్కపొడి ఉబ్బి పైపొర లేస్తుంది. ఆల్కహాల్ అద్దిన గుడ్డే వాడాలి. పాతేది లక్క, ఆల్కహాల్‌కు కరుగుతుంది, తడిగుడ్డ చాలు. నాదంలో మాత్రం ఎడిసన్‌దే పైచేయి.