పసుపు శాంపిల్‌కి సాక్స్‌లెట్టా, సోనికేటరా: పర్యావరణానికి ఏది మేలు?

పసుపుకి రంగునిచ్చే కుర్కుమిన్ ఎంతుందో కొలవాలంటే ముందు దాన్ని పొడిలోంచి సాల్వెంట్‌లోకి, అంటే కరిగించే ద్రవంలోకి, దింపాలి. ఆ పనికి మన కాలేజీ ల్యాబుల్లో చాలామంది ఇప్పటికీ సాల్వెంట్‌ని మరిగించి పొడి మీద పదేపదే పోసే గాజు పరికరం సాక్స్‌లెట్‌నే బిగిస్తారు. పక్కనే ఉన్న సోనికేటర్ బాత్, అంటే ధ్వని తరంగాలు పంపే నీళ్ల తొట్టె, గాజుసామాను కడగడానికి మాత్రమే పనికొస్తుంటుంది. పసుపు విషయంలో నా ఓటు సోనికేటర్‌కే, అదీ ఇథనాల్‌తో వాడితే.

సాక్స్‌లెట్ గొప్ప పరికరమే. పాలలో కొవ్వు కొలవడానికి ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ 1879లో దీన్ని రూపొందించాడు. ఆవిరైన సాల్వెంట్ చల్లబడి మళ్లీ మళ్లీ పొడి మీద పడుతుంది కాబట్టి దిగాల్సింది పూర్తిగా దిగుతుంది. తర్వాత వడపోత పని కూడా ఉండదు. కానీ ఒక శాంపిల్‌కి 200 మి.లీ. మిథనాల్, 8 గంటల వేడి అనుకుందాం. ఫ్లాస్కుని వేడిచేసే 300 వాట్ల హీటింగ్ మాంటిల్ అంతసేపూ పూర్తిగా పనిచేస్తే 2.4 యూనిట్ల కరెంటు. ఆవిరిని చల్లబరిచే కండెన్సర్‌లోకి నిమిషానికి లీటరు నీళ్లు వదిలినా 480 లీటర్లు నేరుగా సింకులోకి పోతాయి. ఎండాకాలం హాస్టళ్లకి ట్యాంకర్లు తెప్పించుకునే క్యాంపస్‌లో ఇది చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. బకెట్లో ఐసు వేసి, చిన్న కూలర్ మోటారుతో అవే నీళ్లు తిప్పుకుంటే ఈ నష్టమైనా ఆగుతుంది. సాక్స్‌లెట్ తప్పనిసరైన వాళ్లు కనీసం ఇది చేయాలి.

సోనికేటర్ పద్ధతిలో 1 గ్రాము పొడి, 20 మి.లీ. ఇథనాల్ మూత ఉన్న ట్యూబులో వేసి అరగంట ఉంచితే చాలు. ధ్వని తరంగాల వల్ల పుట్టే బుడగలు పగులుతూ కణాల గోడల్ని చీలుస్తాయి. 200 వాట్ల బాత్ అరగంటకి 0.1 యూనిట్ తీసుకుంటుంది, ఆ ఖర్చునీ ఒకేసారి పెట్టిన ట్యూబులన్నీ పంచుకుంటాయి. సాల్వెంట్ తక్కువ కాబట్టి దాన్ని ఆవిరి చేసి తీసేసే రోటరీ ఎవాపరేటర్ అవసరం కూడా చాలాసార్లు తప్పుతుంది. ఒక్క దఫాలో మొత్తం దిగకపోవచ్చు, అదే దీని లోపం. మిగిలిన పిప్పికి కొత్త ఇథనాల్ పోసి ఇంకోసారి చేసి, రెండోదాంట్లో ఎంత వచ్చిందో కొలవండి. రెండు దఫాలూ కలిపినా 40 మి.లీ. దాటదు.

దీన్ని మార్కుల్లో చూడాలంటే, ఒక పరీక్షా పద్ధతి పర్యావరణానికి ఎంత మేలో లెక్కగట్టే ఎకో-స్కేల్ (2012లో వచ్చింది) తేలిక. 100 నుంచి పెనాల్టీలు తీసేయాలి. 75 దాటితే చాలా మంచిది, 50 దాటితే ఫర్వాలేదు. మిథనాల్ సీసా మీద మూడు ప్రమాద చిహ్నాలు, 'డేంజర్' అన్న మాట ఉంటాయి. ఆ మాటకి 2 కాబట్టి మూడు రెళ్లు 6. 100 మి.లీ. దాటిన పరిమాణానికి 3, దాన్ని 6తో గుణిస్తే 18. కరెంటుకి 2, వ్యర్థానికి 8, ఆవిరికి 3. సాక్స్‌లెట్‌కి మిగిలేది 69. సోనికేటర్‌లో ఇథనాల్‌కి రెండు చిహ్నాలు, 'డేంజర్' వేసుకుంటే 4, పరిమాణానికి 2, కలిసి సాల్వెంట్‌కి 8, వ్యర్థానికి 8. మూత బిగించి చేస్తే ఆవిరికి పెనాల్టీ లేదు, కరెంటుకీ లేదు, మిగిలేది 84.

తేడా అంతేనా అనిపిస్తుంది. కారణం లెక్కలోనే ఉంది. ఎకో-స్కేల్‌లో వ్యర్థం 10 మి.లీ. దాటితే 20 అయినా 200 అయినా పెనాల్టీ ఒకటే. సింకులో పోయిన 480 లీటర్లకి అసలు గడే లేదు. అందుకే మార్కు ఒక్కటే రాసి వదిలేయకుండా సాల్వెంట్, నీళ్లు, కరెంటు ఎంతయ్యాయో థీసిస్‌లో విడిగా రాయమని విద్యార్థులకి గట్టిగా చెబుతాను. 2022లో వచ్చిన అగ్రీప్రెప్ అచ్చంగా శాంపిల్ తయారీ కోసమే చేసినది. పది అంశాలతో 0 నుంచి 1 వరకు స్కోరిస్తుంది, సాల్వెంట్ భద్రతకి ఎక్కువ బరువిస్తుంది. రెండు పద్ధతుల్ని పోల్చేటప్పుడు నేను దీన్నే నమ్ముతాను.

మైక్రోవేవ్ పద్ధతి నిమిషాల్లో అయిపోతుంది, రోజూ చాలా శాంపిళ్లు వచ్చే చోట బాగుంటుంది. అయితే ల్యాబ్ కోసం చేసిన యంత్రం ఖరీదెక్కువ. వంటింటి ఓవెన్‌లో సాల్వెంట్ పెట్టడం మాత్రం ఎవరూ చేయకూడదు, అంటుకుంటుంది. సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌కి (వాయువుకీ ద్రవానికీ మధ్యస్థ స్థితిలోది) 31 డిగ్రీలు, 74 బార్ల పీడనం దాటాలి. పసుపు నూనెకి అది చక్కగా సరిపోతుంది కానీ కుర్కుమిన్ అందులో సరిగా కరగదు, ఎలాగూ ఇథనాల్ కలపాల్సిందే.

ఇథనాల్ దగ్గర అసలు టెన్షన్ ఎక్సైజ్ అనుమతి. దాని తలనొప్పి పడలేకే చాలా ల్యాబులు మిథనాల్‌కి వెళ్లిపోతాయి. మిథనాల్ కళ్ల నరాన్ని దెబ్బతీసే విషం, పిల్లలు దాని ఆవిరి మధ్య గంటలు గంటలు నిలబడతారు. డిపార్ట్‌మెంట్ పెద్దలు ఏడాది మొదట్లోనే అనుమతికి కాగితాలు పెట్టాలి. అది వచ్చేదాకా మిథనాల్ తప్పదంటే, దాన్నీ 20 మి.లీ.కి తగ్గించి, మూత బిగించి, ఆవిర్లని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే వాడండి.