జెర్రీ క్లోవర్, మిన్నీ పెర్ల్: ముందు ఎవరిని వినాలి?

అమెరికా దక్షిణాది పల్లె హాస్యం రుచి చూడాలనుకునేవారికి ఈ ఇద్దరి పేర్లే చెబుతాను. ఇద్దరూ నాష్‌విల్‌లో జరిగే కంట్రీ సంగీత రేడియో ప్రదర్శన ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ వేదిక మీద వెలిగినవారే. వచ్చిన దారులే వేరు.

మిన్నీ పెర్ల్ ఒక పాత్ర. అసలు మనిషి సారా కాలీ. 1912లో టెనెసీలో కలిగిన ఇంట పుట్టి, నాటకకళ చదువుకున్న ఆవిడ. 1940లో ఆప్రీకి వచ్చారు. ఆమె గడ్డి టోపీకి 1.98 డాలర్ల ధర చీటీ వేలాడుతూనే ఉంటుంది! పెళ్లికొడుకు కోసం ఎదురుచూసే ఆ పల్లెపడుచు అమాయకత్వమంతా చీటీలోనే తెలిసిపోతుంది. జోకులు పొట్టివి, గురి తప్పనివి.

క్లోవర్‌కు వేషంతో పని లేదు. 1926లో మిసిసిపీలో పుట్టి, నౌకాదళంలో చేసి, ఆపై ఎరువుల అమ్మకంలో స్థిరపడ్డారు. సరుకు అమ్మడానికి చెప్పిన కథలే నలభై దాటాక రికార్డులయ్యాయి. 1973లో ఆప్రీ సభ్యుడయ్యారు. ఆయన వేట కథ ఒకటి చాలు: రకూన్ (చెట్లెక్కే చిన్న అడవి జంతువు) అనుకుని చెట్టెక్కినవాడికి పైన పెద్ద అడవిపిల్లి ఎదురవుతుంది. కాలిస్తే ఎవరికి తగులుతుందోనని కిందివాళ్ల భయం. ఎవరికి తగిలినా సరే, కాల్చమని పైవాడి గోల. ఆ అరుపులన్నీ ఒక్క గొంతులోంచే వస్తాయి.

నా ఓటు క్లోవర్‌కే. మిసిసిపీ యాస మొదట కొరుకుడు పడదు, నిజమే. రెండోసారి వింటే దారికొస్తుంది. మిన్నీని మాత్రం ఆడియోలో వినకండి. టోపీ కనబడకపోతే సగం హాస్యం పోయినట్టే.