కైర్నార్వన్‌లో టీ, అన్ స్పిడేల్‌లో బస

బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతంలోని కైర్నార్వన్‌లో దిగగానే ఒక చిన్న కాఫీ హోటల్లో మా అమ్మాయి "పనెద్ ఓ దే" అని టీ అడిగింది. మాంచెస్టర్‌లో చదువుకుంటూ అక్కడి స్నేహితురాలి దగ్గర నేర్చుకున్న ముక్క అది. వేల్స్ భాష వెల్ష్‌లో టీని 'తే' అంటారు. ముందు 'ఓ' చేరితే 'దే' అవుతుంది, తల్లీ తండ్రీ కలిసి తల్లిదండ్రులు అయినట్టు. 'కైర్నార్వన్‌కి' అనాలంటే 'ఇ గైర్నార్వన్', కూర పక్కన కాయ చేరి కూరగాయ అయినట్టు. మనకూ వాళ్లకూ భాషాపరంగా చుట్టరికమేమీ లేదు. అయినా బళ్లో బట్టీపట్టిన గసడదవాదేశం ఇంత దూరంలో వినిపిస్తే నాకు ఒళ్లు పులకరించింది.

హోటలామె వెల్ష్‌లోనే జవాబిచ్చింది, మాకు అర్థం కాలేదని తెలిశాకే ఇంగ్లీషులోకి మారింది. పక్క బల్ల దగ్గర కుర్రాళ్లు ఫోన్ చూసుకుంటూ కొట్లాడుకునేదీ వెల్ష్‌లోనే. ఆ ఊరున్న గ్వినెద్ జిల్లాలో 2021 జనాభా లెక్కల ప్రకారం 64 శాతం మందికి వెల్ష్ వచ్చు. వేల్స్ మొత్తం మీద చూస్తే 17.8 శాతమే, దాదాపు 5 లక్షల 38 వేల మంది. పదేళ్లలో సుమారు 24 వేలు తగ్గారు. 2050కి పది లక్షలు చేయాలని ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యానికి ఇది ఎదురు నడక.

బస కోటకు దగ్గర్లో, రాత్రికి 85 పౌండ్లు. గది చిన్నది, శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు లోటు లేదు. శాకాహారులకు పొద్దున టోస్టు, పుట్టగొడుగులు, బీన్స్ తప్ప పెద్దగా ఏమీ దొరకవు, పచ్చడి సీసా పట్టుకెళ్లండి. వేల్స్‌ను అణచడానికి ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ 1283లో మొదలుపెట్టిన కోట అది. ఆ గోడల కిందే ఇవాళ కూరగాయల బేరం కూడా వెల్ష్‌లో సాగుతోంది.

నాంట్ గుర్థేర్న్ ప్రయాణం మాత్రం టెన్షన్ పెట్టింది. ముందురోజు మాట్లాడుకున్న టాక్సీ రాలేదు, ఫోన్ ఎత్తలేదు. ఇంకో బండికి దాదాపు రెట్టింపు ఇచ్చాం. కొండ అంచు నుంచి సముద్రం దాకా దిగే ఆ రోడ్డు చాలా వాలు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నడక పెట్టుకోవద్దు. రాతి క్వారీ మూతపడి ఖాళీ అయిన ఊరది. చుట్టుపక్కల జనానికి పని, భాషకు ఆసరా రెండూ కావాలని కార్ల్ క్లోస్ అనే డాక్టరు పూనుకుంటే, 1978లో ఒక ట్రస్టు ఊరంతా కొన్నది. ఇప్పుడు కూలీల ఇళ్లలోనే బస చేసి పెద్దవాళ్లు వెల్ష్ నేర్చుకుంటారు. ఒకప్పుడు బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్కముక్క వేలాడదీసిన దేశం ఇది. నేను చదివిన స్కూల్లో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్ వేసేవారు. అక్కడి బెంచీ మీద కూర్చుంటే అదే గుర్తొచ్చింది. ఈ యాత్రలో ఒక్కచోటే చూడగలిగితే ఇదే చూడమంటాను.

హోలీహెడ్ నుంచి డబ్లిన్‌కి ఓడ మూడుంపావు గంటలు. ఐర్లండ్‌లో ఐరిష్‌ది రాజ్యాంగంలో మొదటి అధికార భాష స్థానం. రోడ్డు బోర్డుల మీదా ఉంటుంది, బడిలో దాదాపు పిల్లలంతా చదువుతారు. కానీ డబ్లిన్‌లో రెండు రోజులు తిరిగినా ప్రకటనల్లో తప్ప నా చెవిన పడలేదు. 2022 లెక్కల్లో 18 లక్షల 70 వేల మందికి పైగా మాకు వచ్చన్నారు, బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం 72 వేల లోపే. 1845లో మొదలైన కరువు ఐరిష్ మాట్లాడే పడమటి పల్లెలనే ఎక్కువగా తినేసింది. మిగిలినవాళ్లు వలస కోసం పిల్లలకు ఇంగ్లీషు నేర్పారు.

అందుకే పడమటి తీరంలోని గాల్వే నుంచి 20 కిలోమీటర్లు బస్సులో, ఇంకా ఐరిష్ మాట్లాడే అన్ స్పిడేల్ అనే ఊరికి వెళ్లాం. బస గడ్డ కట్టించింది. హీటర్ పనిచేయలేదు, రెండుసార్లు చెప్పినా బాగుచేయలేదు. అయినా ఆ ఇంటామె దగ్గర కూర్చున్న సాయంత్రం మరిచిపోలేను. వెల్ష్‌లో నాలుగు 'పెద్వర్' అని మేం చెబితే, ఆమె 'క్యాహిర్' అంది. తల అక్కడ 'పెన్', ఇక్కడ 'క్యాన్'. మన చెవి కన్నడంలో కివి అయినట్టే, ఒకచోట 'ప' ఉంటే ఇంకోచోట 'క'. ఎడ్వర్డ్ లూయిడ్ అనే వెల్ష్ పండితుడు 1707లోనే ఈ భాషలను పక్కపక్కన పెట్టి చూపాడు. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని 1816లో మద్రాసు కలెక్టర్ ఎల్లిస్ చూపించడానికి వందేళ్ల ముందు మాట అది.

వెల్ష్, ఐరిష్ ఉన్న ఈ కెల్టిక్ భాషల కుటుంబం ఒకప్పుడు ఫ్రాన్స్, ఉత్తర ఇటలీ దాకా ఉండేది. ఇటలీ సరస్సుల దగ్గరి శాసనాలు క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం నాటివి. ఆ భాషలన్నీ పోయాయి. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న బ్రెటన్ భాష బ్రిటన్ నుంచి వలస వెళ్లిందే. ఐల్ ఆఫ్ మాన్ దీవి భాష మాంక్స్. అది పుట్టుభాషగా గల చివరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో కన్నుమూశాడు. అయినా ఆ దీవిలో ఇవాళ మాంక్స్‌లోనే పాఠాలు చెప్పే చిన్నబడి ఉంది.

అన్ స్పిడేల్‌లో మా గదిలో గోడ వెంట బంక్ మంచాలు కనిపించాయి. వేసవిలో ఐరిష్ కోర్సులకు పట్నం పిల్లలు వచ్చి ఇలాంటి ఇళ్లలోనే ఉంటారట. మేం మేలో వెళ్లాం, వీధులు ఖాళీ. గది దొరకడం కష్టమైనా సరే, మీరు జూన్, జులైలలో వెళ్లండి.