మణికట్టు విరిగితే పుత్తూరు కట్టా, సిమెంటు కట్టా, ప్లేటా?

ధనుర్మాసంలో తెల్లవారకముందే చెన్నై పెరంబూరులోని మా వీధిలో ప్రతి వాకిటా కళ్లాపి చల్లి ముగ్గులు పెడతారు. అలా తడిసిన మెట్టు మీద కాలు జారి, పడబోతూ కుడి అరచేతిని నేలకు ఆనించిన మా పెద్దమ్మ వయసు 68 ఏళ్లు. మేము లేవదీసేసరికి ఆవిడ మణికట్టు బోర్లించిన గరిటెలా వంపు తిరిగి ఉంది. అప్పటికే ఇంట్లో మూడు పక్షాలు ఏర్పడ్డాయి. ఇప్పుడే కారు మాట్లాడుకుంటే ఎండెక్కేలోపు పుత్తూరు చేరతామని పెదనాన్న అన్నారు. దగ్గరలోని ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేయిస్తే చాలని వదిన వాదించింది. బెంగళూరు నుంచి ఫోన్‌లో అన్నయ్య, ఇన్సూరెన్స్ ఉండగా ఆలోచన దేనికి, ఆపరేషన్ చేయించి ప్లేటు వేయించేయమన్నాడు.

ఎవరి మాట నెగ్గినా ముందుగా చేయవలసిన పని ఒకటే, అది గాజులూ ఉంగరాలూ తీసేయడం. గంటలోపే చేయి వాచిపోతుంది, వాచిన చేతికి బంగారు గాజు ఉరితాడుతో సమానం. సబ్బునీళ్లు రాసి మట్టిగాజులు తీయగలిగాము కానీ, ఒక బంగారు గాజును ఆసుపత్రిలో కోయవలసి వచ్చింది. ఆ పూట పెద్దమ్మ కంటనీరు పెట్టుకున్నది ఆ గాజు కోసమే.

చెన్నైలో తెలుగువారికి పుత్తూరు పరాయి ఊరు కాదు. తిరుపతి రైలు తిరుత్తణి దాటిన తరువాత వచ్చే ఆ ఊరి పేరు పెట్టుకొని ఈ నగరంలోనే ఎన్నో కట్టు వైద్యశాలలు నడుస్తున్నాయి. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డపట్టీలు, వెదురుబద్దలు కలిపి కట్టే ఈ కట్టును మోటువైద్యమని కొట్టిపారేయడం చరిత్ర తెలియకపోవడమే అవుతుంది. నెపోలియన్ సేనలో శస్త్రవైద్యుడైన లారే కూడా విరిగిన అవయవాలకు చుట్టిన పట్టీలను గట్టిపరచడానికి గుడ్డు తెల్లసొన వాడాడు. ఇప్పుడు మనం వాడే సిమెంటు పట్టీని మాతైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు 1852లో లోకానికి తెలియజేశాడు. పెద్దమ్మకు తగిలిన ఈ మణికట్టు విరుపును డబ్లిన్ వైద్యుడు అబ్రహాం కోలిస్ 1814లో వర్ణించినప్పుడు ఎక్స్‌రే అనేది లేదు, అది 1895లో వచ్చింది. ఆయన కూడా చేతితో తడిమే చెప్పాడు కనుక, అనుభవమున్న చేయి విరుపును కనిపెట్టగలదన్న పెదనాన్న మాటలో నిజం లేకపోలేదు.

పైగా ఎముకను అతికించేది పసరూ కాదు, సిమెంటూ కాదు. విరిగినచోట నెత్తురు గడ్డకట్టి, రెండు మూడు వారాల్లో మెత్తని అతుకుగా మారి, ఆరు వారాల నాటికి గట్టిపడటం శరీరం తనంతట తాను చేసుకొనే పని. ఏ కట్టయినా ఆ లోపల రెండు కొసలూ ఒకదానికొకటి సరిగ్గా ఉండేలా, కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతే. కనుక పక్కకు జరగని చిన్న బీటలకు పుత్తూరు కట్టు వేసుకొని బాగుపడ్డామని చెప్పేవారు అబద్ధమాడటం లేదు. అయితే అదే బీట మామూలు బద్దకట్టుతోనూ అతుక్కునేదన్న సంగతిని వారు పట్టించుకోరు.

చిక్కు వచ్చేది ఎముక పక్కకు జరిగినప్పుడు. మత్తిచ్చి, లాగి, సరిచేసి కట్టిన తరువాత కూడా ముంజేతి కండరాలు దానిని మళ్లీ పక్కకు ఈడ్చవచ్చు. పైకి చూస్తే ఈ జారుడు తెలియదు, కట్టు కింద తడమడానికీ వీలుండదు. మొదటి వారం ఒకసారి, రెండో వారం ఒకసారి ఎక్స్‌రే తీస్తేనే బయటపడుతుంది, అప్పుడైతే మళ్లీ సరిచేయవచ్చు. మూడు వారాలు దాటి అతుకు గట్టిపడటం మొదలైతే వంకరగానే అతుక్కుంటుంది. సిమెంటు కట్టుకు నేను మొగ్గు చూపడానికి అసలు కారణం ఈ ఎక్స్‌రేలే. కట్టు వేయించుకొని ఆరు వారాల దాకా ఆసుపత్రి మొహం చూడని మనిషికి, పుత్తూరు వెళ్లివచ్చిన మనిషి కన్నా ఒరిగేదేమీ ఉండదు.

బిగుతు విషయంలో రెండు కట్లకూ ఒకే ప్రమాదం ఉంది. వాపు పెరుగుతూ ఉంటే బిగుతు కట్టు లోపల నెత్తురు ఆడక, దాదాపు ఆరు గంటల్లోనే కండరాలు చచ్చుబడి, చేయి శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు. అందుకే ఆసుపత్రిలో మొదటి రోజు చుట్టూ సిమెంటు వేయకుండా ఒకవైపు మాత్రమే సిమెంటు పలక (స్లాబ్) పెట్టి, వాపు తగ్గాక పూర్తి కట్టు వేస్తారు. మాత్ర వేసుకున్నా తగ్గని నొప్పి, వేళ్లు చాపితే ప్రాణం పోయినట్లుండటం, తిమ్మిరి, గోరు నొక్కి వదిలితే ఎరుపు రెండు సెకన్లలో తిరిగి రాకపోవడం, వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రయినా సరే కట్టు విప్పించాలి. నొప్పి ఉంటేనే కట్టు పనిచేస్తున్నట్లని ధైర్యం చెప్పే నాటువైద్యుడి దగ్గర నుంచి ఆ క్షణమే లేచి రావాలి.

ఇక ప్లేటు సంగతి. కీలు లోపలి నున్నని తలం ముక్కలైనప్పుడు, లేదా సరిచేసినా ఎముక నిలవనప్పుడు, ముఖ్యంగా చేతిపనితో బతికే వయసువారికి, ముంజేతి లోపలివైపు ప్లేటు, స్క్రూలు వేయడమే మేలు. వారం రెండు వారాల్లోనే మణికట్టు కదల్చనిస్తారు, అది పెద్ద లాభం. అయితే 65 దాటిన వారిలో ప్లేటు వేసినవారినీ, కట్టు వేసినవారినీ పోల్చిన పరిశోధనల్లో, ఎక్స్‌రేలో ప్లేటు వేసిన ఎముకే చక్కగా కనిపించినా, ఏడాది తరువాత చేతితో పనులు చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇంత తెలిసినా ఇన్సూరెన్స్ ఉందన్న మాట వినగానే ఆపరేషన్ రోజు ఖరారు చేసే చోట్లు ఉన్నాయి. పెద్దమ్మను మొదట చూపించిన ఒక చోట ఎక్స్‌రే చేతికి రాకముందే గది ఏసీదా, మామూలుదా అని అడిగారు. మేము అక్కడి నుంచి వచ్చేశాము.

కొన్ని విరుపులకు కట్టా, ఆసుపత్రా అన్న మీమాంసే తగదు. పిల్లలు పడి మోచేతి పైభాగం విరిగితే అక్కడి ముఖ్య రక్తనాళం నలిగే ప్రమాదం ఉంటుంది, ఆ చేతిని తోమడం, లాగడం మహాపరాధం. తుంటి విరిగిన ముసలివారికి ఏ కట్టూ పనికిరాదు, ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరగకపోతే మంచాన పడి పుండ్లు, న్యుమోనియా పట్టుకుంటాయి. చర్మం చీలి ఎముక బయటపడిన గాయానికి పసరు తగిలిందంటే చీము ఖాయం. తమిళనాడులో జరిగిన రోడ్డు ప్రమాదమైతే డబ్బు గురించి వెనకాడవలసిన పని లేదు, తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో మొదలుపెట్టిన ‘నమ్మై కాక్కుం 48’ పథకం కింద, ఏ రాష్ట్రం వారైనా సరే, గుర్తించిన ఆసుపత్రుల్లో మొదటి 48 గంటల చికిత్స ఒక పరిమితి వరకు ఉచితం.

పెద్దమ్మకు ఎముక వెనక్కి జరిగింది కానీ కీలు తలం చెడలేదు. కనుక సిమెంటు కట్టే వేయించాము. రెండో వారం ఎక్స్‌రేలో ఎముక కాస్త కుంగినట్లు కనిపించినా, ఆ వయసుకు ఆ వంపు పనికి అడ్డురాదని డాక్టరు అలాగే ఉంచారు. ఆరో వారం కట్టు కోశాక చూస్తే మణికట్టు ఒకవైపు కొద్దిగా ఎత్తుగానే ఉంది. పెదనాన్న ఈనాటికీ దానిని చూపించి, పుత్తూరు తీసుకెళ్లి ఉంటే ఇలా ఉండేది కాదంటారు. ఆ చేతితోనే ఆవిడ ఇప్పుడు పిండి కలుపుతుంది, తడిబట్టలు పిండటం మాత్రం ఇంకా సరిగ్గా రాలేదు.

మూడు పక్షాలవారమూ మరచిన విషయం ఒకటి డాక్టరే గుర్తుచేశారు. నిలుచున్న ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని అనుమానించాలి, దానిని పట్టించుకోకపోతే రేపు విరిగేది తుంటి కావచ్చు. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో, ఆరోగ్యవంతులైన యువతతో పోల్చి చెప్పే టీ స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉంటే అది ఎముకల గుల్లతనం కిందే లెక్క. పెద్దమ్మది మైనస్ 2.8 వచ్చింది. వారానికొకసారి పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో మాత్ర వేసుకొని, అరగంట దాకా నడుము వాల్చకూడదన్నారు. ఆదివారం ఉదయాల్లో ఆ అరగంట ఆవిడ గుమ్మం దగ్గర కుర్చీలో నిటారుగా కూర్చొని, వదిన పెట్టే ముగ్గులో చుక్కలు లెక్క తప్పాయని దిద్దుతూ ఉంటుంది.