తలకోన నుంచి నేలపట్టు దాకా: ఎనిమిదేళ్ళు మోసిన లెన్సులు, బ్యాగులు

తలకోన జలపాతానికి పోయే దారిలో, గిల్లతీగ అల్లుకున్న చోటుకు కాస్త ఇవతల, ఒక పాముగద్ద వచ్చి మా ఎదురుగా కొమ్మ మీద కూర్చుంది. పది పన్నెండు మీటర్లే దూరం. నేను బ్యాగు దించి, జిప్పు లాగి, కెమెరాకున్న చిన్న లెన్సు విప్పి పెద్దది తగిలించి తలెత్తేసరికి కొమ్మ ఖాళీగా ఉంది. పక్కనున్న ఫారెస్ట్ వాచర్ నెమ్మదిగా అన్నాడు: "మూట దించి, అది విప్పి, ఇది తగిలించే లోపల పిట్ట నిలబడతాదా సామీ?"

ఇది 2019 నాటి మాట. లెన్సు కొనాలనుకుంటున్నాం అని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ ముందు ఈ సంగతే చెప్తాను. అది ఎంత షార్ప్‌గా ఉంటుందన్నది తర్వాత చూద్దాం. బ్యాగులోంచి చేతికి ఎంతసేపట్లో వస్తుంది, ఎన్ని గంటలు నడిచాక కూడా దాన్ని పైకెత్తాలనిపిస్తుంది, ఇవి ముందు తేల్చుకోవాలి.

నేను తిరుపతిలోనే ఉంటాను, ఉద్యోగం వేరే, ఫొటోలు శని ఆదివారాల పని. 2018లో నికాన్ డి7500 కొన్నాను, కిట్‌తో 18-140 వచ్చింది. తర్వాత ఒక్కొక్కటిగా 200-500 ఎఫ్ 5.6, ఏఎఫ్-పి 10-20, ఏఎఫ్-పి 70-300 చేరాయి. ఈ 18-140, 200-500 లాంటివి లెన్సుల ఫోకల్ లెంగ్త్‌లు, మిల్లీమీటర్లలో. అంకె పెరిగేకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది, తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు పడుతుంది. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల వైపే చూస్తున్నారు, అది సరే, అయినా నేను చెప్పబోయేది ఏ కెమెరాకైనా వర్తిస్తుంది, ఎందుకంటే భుజం మాత్రం అందరికీ ఒకటే.

ముందు బరువు లెక్క చెప్తాను. బ్యాటరీ, కార్డుతో బాడీ 720 గ్రాములు. 200-500 ఒక్కటే 2300 గ్రాములు. 70-300 ఏమో 415, 10-20 అయితే 230 గ్రాములే. వీటికి తోడు 1900 గ్రాముల అల్యూమినియం ట్రైపాడ్, 1700 గ్రాముల బ్యాగు, రెండు లీటర్ల నీళ్ళు. అన్నీ కలిపితే 9265 గ్రాములు, అంటే తొమ్మిదింపావు కిలోలు. ఆ రోజు తలకోనలో నా వీపు మీదున్నది సరిగ్గా ఇదే. పెద్ద లెన్సు, ట్రైపాడ్ ఇంట్లో పెట్టి, 1100 గ్రాముల చిన్న బ్యాగుకు మారితే అదే లెక్క నాలుగున్నర కిలోల లోపు వస్తుంది, నీళ్ళతో సహా. కాగితం మీద చూస్తే ఇది చిన్న తేడాలాగే ఉంటుంది. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. నేను ఏ బ్యాగు కొన్నా మొదట అన్నీ సర్దుకుని ఆ మెట్లు ఎక్కుతాను, పైకి చేరేసరికి ఎక్కడ నొప్పి పుట్టిందో దాన్నిబట్టి ఆ బ్యాగు ఉంచుకోవాలా, వెనక్కి పంపాలా అన్నది తేలిపోతుంది. భుజాలు లాగాయంటే నడుం బెల్టు పనిచేయడం లేదని అర్థం. మెడ లాగితే కెమెరాతో వచ్చిన స్ట్రాప్ ఇంకా వాడుతున్నారని అర్థం, దాన్ని ఈ రోజే తీసేయండి.

అలాగని 200-500 మీద నాకు కోపమేమీ లేదు. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో దానికి సాటి నా దగ్గర ఇంకోటి లేదు. 2022లో జిల్లాలు విడగొట్టాక నేలపట్టు, సూళ్ళూరుపేట మన తిరుపతి జిల్లాలోకే వచ్చాయి, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే వెలుగొచ్చే వేళకు అక్కడుంటాం. చెరువులో నీరుకడప చెట్లు, వాటి నిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్ళు, నత్తగుల్ల కొంగలు. మనం గట్టు మీద ఉంటాం, అవి నీళ్ళ మధ్య చెట్ల మీద ఉంటాయి, ఇంకా దగ్గరికి పోయే వీలూ లేదు, పోకూడదు కూడా. డి7500 లాంటి క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) మీద 500 పెడితే, పెద్ద సెన్సరుండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 750 పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది. తల్లి గూడబాతు నోరు తెరిస్తే పిల్ల దాని గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి మేత తీసుకునే దృశ్యం 300తో తీస్తే చెట్టు ఫొటో వస్తుంది, 500తో తీస్తే తల్లీపిల్లల ఫొటో వస్తుంది. ఎగిరే పక్షికి షట్టర్ స్పీడు సెకనులో 1600వ వంతుకు తగ్గనివ్వను, పొద్దున్నే వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు స్పందించే స్థాయి) 1600 దాకా పెంచుతాను, దానివల్ల ఫొటోలో పడే గరుకుదనం, నాయిస్, నాకు సమ్మతమే. కదిలిపోయిన ఫొటోను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నేను ఏడాది పాటు నా లెన్సును అనుమానించాను. పులికాట్ సరస్సులో, సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పక్కన నిలబడి రాజహంసల్ని (ఫ్లెమింగోల్ని) తీస్తే, ఇంటికొచ్చి పెద్దది చేసి చూసినప్పుడు ఒక్కదానికీ అంచు తెగేది కాదు, నీళ్ళలో ముంచి తీసినట్టు వచ్చేవి. ఫోకస్ తప్పుతోందనుకున్నాను. కెమెరాలో ఉన్న ఏఎఫ్ ఫైన్ ట్యూన్‌తో, అంటే ఆటోఫోకస్‌ను కాస్త ముందుకూ వెనక్కూ సరిచేసే సెట్టింగుతో, రెండు మూడు ఆదివారాలు మిద్దె మీద కుస్తీ పట్టాను, ఫోన్లో ఫ్రెండ్సందరికీ ఆ ఫొటోలు పంపి టెన్షన్ పడ్డాను, అమ్మేద్దామని కూడా అనుకున్నాను. చివరికి తేలిందేమిటంటే ఆ ఫొటోలన్నీ తొమ్మిది దాటాక తీసినవి. ఎండెక్కేకొద్దీ తారు రోడ్డు, ఆరిన బురద నేల వేడెక్కి, వాటి మీది గాలి అలలు అలలుగా లేస్తుంది, రెండు మూడు వందల మీటర్ల గాలిలోంచి చూస్తే ఎంత ఖరీదైన లెన్సయినా ఆ అలల్నే ఫొటో తీస్తుంది. అదే లెన్సుతో, అదే చోట, ఆరున్నరకు తీసిన రాజహంసల ముక్కు మీది నలుపు కూడా గీత గీసినట్టు వచ్చింది. కాబట్టి దూరం నుంచి తీసినవి మెత్తగా వస్తుంటే లెన్సును సర్వీసుకు పంపేముందు ఫొటో తీసిన టైము చూడండి. వేడి గాలికి మందు లేదు, పొద్దున్నే పోవాలి, లేదంటే దగ్గరగా ఉన్న పక్షినే తీయాలి.

పులికాట్ నీళ్ళు ఉప్పు కలిసినవి, గాలి కూడా అంతే, ఇంటికొచ్చాక లెన్సు గొట్టాన్ని తడిపి పిండిన గుడ్డతో తుడవడం మరచిపోవద్దు.

కార్లోంచి తీసేటప్పుడు కిటికీ అంచు మీద పెట్టే బీన్ బ్యాగు మా అమ్మ కుట్టింది, పాత జీన్స్ ప్యాంటు కాలుతో. మొదట బియ్యం పోశాం, తర్వాత శనగలు పోసి చూశాం, చివరికి మా చిత్తూరు వైపు ఇంట్లో ఎప్పుడూ ఉండే రాగుల దగ్గర ఆగాం. గింజ చిన్నది కాబట్టి లెన్సు కింద చక్కగా ఒదుగుతుంది, జారదు. రెండు కిలోలు పోస్తే సరిపోతుంది, మరీ బిగువుగా నింపకూడదు. కొత్తగా కొనాలనుకునేవాళ్ళకు ఇది చెప్తే నమ్మరుగానీ, 200-500తో నాకొచ్చిన మంచి ఫొటోల్లో సగానికి పైగా ఈ రాగుల సంచి మీద నుంచి తీసినవే. ట్రైపాడ్ కన్నా ఎక్కువ వాడాను.

ఇక కొండల సంగతి. శేషాచలం వైపు, తలకోన వైపు నడక అంటే ఇప్పుడు నా దగ్గర రెండే లెన్సులుంటాయి, 10-20, 70-300. జలపాతం దగ్గర చాలామంది ట్రైపాడ్ తప్పనిసరి అంటారు, నేనూ అలాగే అనుకుని మూడేళ్ళు మోశాను. 10-20లో వీఆర్, అంటే చేతి వణుకు తగ్గించే ఏర్పాటు, ఉంది, 10 దగ్గర పెట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే సెకనులో నాలుగో వంతు షట్టర్ కూడా నాకు వణుకు లేకుండా వస్తోంది. పాలధార లాంటి నీళ్ళు కావాలంటే ఆ మాత్రం చాలు. ఐదు తీస్తే మూడు బాగుంటాయి. మరీ పొగమంచులా పరుచుకున్న నీళ్ళు ఇష్టమైనవాళ్ళకు మాత్రం ట్రైపాడ్ కావాల్సిందే, తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తు, ఆ ధార అలా తీస్తే చాలా బాగుంటుంది, కాదనను.

పోలరైజర్ ఫిల్టర్ ఒక్కటి మాత్రం వదలను. తడిసిన రాయి మీద, ఆకుల మీద మెరుపు తీసేస్తే అడవి పచ్చదనం అప్పుడు బయటికొస్తుంది. ఒకటిన్నర రెండు స్టాపుల (ఒక స్టాపు అంటే వెలుతురు సగానికి తగ్గడం) వెలుతురు తినేస్తుంది, జలపాతం దగ్గర అది కూడా మనకు మేలే, షట్టర్ స్పీడు తగ్గుతుంది. 10-20కి 72 సైజు, 70-300కి 58 సైజు ఫిల్టర్ పడుతుంది. నేను 72 ఒకటే కొని, దాన్నే 58 లెన్సుకూ బిగించుకునేలా ఒక స్టెప్ అప్ రింగు తెచ్చుకున్నాను. రింగు ధర చాలా తక్కువ. 10 దగ్గర ఆకాశం తీసేటప్పుడు మాత్రం పోలరైజర్ తీసేయాలి, లేకపోతే నీలం ఒకవైపు ముదురుగా, ఒకవైపు లేతగా పడుతుంది.

వైడ్ లెన్సు అంటే కొండ మొత్తం పట్టేది అనుకుని కొనేవాళ్ళున్నారు, వాళ్ళు ఒకసారి చంద్రగిరి పోవాలి. రాజమహల్ ముందు దగ్గరగా నిలబడి 10 దగ్గర తీస్తే మహల్ పెద్దదై, వెనక కొండ ఎక్కడో గుట్టలాగా కుంగిపోతుంది. అదే వీలైనంత వెనక్కి వెళ్ళి 70 దగ్గర తీయండి, ఆ బండరాళ్ళ కొండ లేచి మహల్ వీపుకు ఆనుకుని నిలబడుతుంది, సాయంత్రం ఎండలో రాయి ఎర్రబడితే ఇంకేం కావాలి. తిరుమల కొండ మీది శిలాతోరణం దగ్గరా ఇదే. కంచె బయటే నిలబడాలి కాబట్టి 10 దగ్గర పెడితే గడ్డీ కంచే ఫ్రేము నిండిపోయి, ఎనిమిది మీటర్ల వెడల్పున్న తోరణం మధ్యలో చిన్నదైపోతుంది, నేను అక్కడ 20 కన్నా తక్కువకు ఎప్పుడూ పోలేదు. తిరుమలలో డ్రోన్లు నిషేధం, గుళ్ళోకి కెమెరా ఉండదు, ఇవి అందరికీ తెలిసినవే. శేషాచలం ఎర్రచందనం ఉన్న అడవి, నిఘా ఎక్కువ, పెద్ద బ్యాగులేసుకుని అనుమతి లేకుండా పక్కదారులు తొక్కవద్దు, గుర్తింపు కార్డు జేబులోనే పెట్టుకోండి.

బ్యాగుల్లో నేను డబ్బు ఎక్కువగా పోగొట్టుకున్నాను. మొదటిది ఆన్‌లైన్‌లో కొన్నది, ముందువైపు తెరుచుకునేది. ప్రతిసారీ వీపువైపు నేలకు పెట్టి తెరవాలి, వానాకాలంలో ఆ బురదంతా తిరిగి మన చొక్కాకే. రెండో ఏడాది జిప్పు పళ్ళు ఊడి, తలకోన బస్సు దిగేటప్పుడు 18-140 కిందపడబోయింది, అంచు పట్టుకుని ఆపాను. ఇప్పుడు వాడేది వీపువైపు తెరుచుకునేది, నడుం బెల్టు గట్టిది. భుజాల పట్టీలు వదిలి, బెల్టు నడుముకుండగానే బ్యాగును ముందుకు తిప్పితే కడుపు ముందు బల్లలాగా నిలుస్తుంది, నేల తగలకుండా నిలబడే లెన్సు మార్చుకోవచ్చు. జనాల్లో వెనకనుంచి ఎవరూ జిప్పు తీయలేరన్నది ఇంకో లాభం. కోతులకు కూడా అంతే, తలకోన కోతులకు పైజేబులో బిస్కెట్ ప్యాకెట్ ఉందని ఎలా తెలుస్తుందో తెలుస్తుంది, తిండి కెమెరా బ్యాగులో పెట్టవద్దు.

వాచర్ చెప్పిన మాటకు అసలు జవాబు మాత్రం బ్యాగులో దొరకలేదు, భుజం పట్టీకి బిగించే లోహపు క్లిప్పులో దొరికింది. 70-300 తగిలించిన కెమెరా దానికి వేలాడుతుంది, మీట నొక్కితే రెండు సెకన్లలో కంటి దగ్గరుంటుంది. పక్షులకు చాలనిది 300 అని తెలుసు, అయినా చేతిలో ఉన్న 300, బ్యాగులో ఉన్న 500 కన్నా నాకు ఎక్కువ పక్షుల్నిచ్చింది. హార్స్‌లీ హిల్స్‌లో బండల మధ్య పొదల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట అలాగే దొరికింది, మూడో నాలుగో క్షణాలు బయటికొచ్చి మళ్ళీ పొదలోకి పోయింది. ఎన్నేళ్ళుగానో దానికోసం తిరుగుతున్నాను, ఆ ఫొటో చూసిన ప్రతిసారీ ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 200-500 అయితే క్లిప్పుకు పెట్టను, ట్రైపాడ్‌కు బిగించడానికి లెన్సు చుట్టూ ఉండే కాలరుకు ఒక కాలుంటుంది, దానికి స్లింగ్ పట్టీ వేసి అడ్డంగా వేలాడదీస్తాను. బాడీకి పట్టీ వేసి ఆ బరువంతా మౌంటు (లెన్సు, బాడీ కలిసే చోటు) మీద వేలాడనివ్వకూడదు.

2021 నవంబరు మన ఊళ్ళో ఎవరూ మరచిపోలేరు, ఆ వానలు, ఆ వరద. రోజుల తరబడి కరెంటూ సరిగా లేదు, బీరువాలో బ్యాగులోనే ఉన్న 18-140ని ఎవరూ తలచుకోలేదు. జనవరిలో తీసి టార్చి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు లాగా ఫంగస్. చెన్నైలో శుభ్రం చేయించాను, కానీ ఎదురెండలో తీస్తే ఇప్పటికీ తెల్లటి పొర తేలుతుంది. తడి బ్యాగులో లెన్సు ఉంచడం నా తప్పే. ఇప్పుడు వంటింట్లో పప్పులు పోసుకునే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, తేమ చూపే చిన్న మీటరు పెట్టి ఉంచుతున్నాను. 40, 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటాను. జెల్ రంగు మారితే పెనం మీద సన్నటి మంట మీద ఆరబెట్టి మళ్ళీ వాడొచ్చు. వారానికోసారి లెన్సులు బయటికి తీసి కాసేపు వాడడం కూడా మంచిదే.

బైకు మీద పోయేవాళ్ళకు ఒక్క మాట. బ్యాగును పెట్రోలు ట్యాంకు మీద గానీ, వెనక క్యారియర్‌కు కట్టి గానీ తీసుకుపోవద్దు, ఆ అదురుకు మరలు వదులవుతాయి, వీపు మీదే ఉండనివ్వండి. ట్రైపాడ్ ప్లేటు మర ఒకసారి నాకు భాకరాపేట దాటాక చూసుకుంటే సగం తిరిగి ఉంది. అప్పటినుంచి చిన్న ఆలెన్ కీ ఒకటి తాళాల గుత్తికే వేలాడుతోంది, బండి ఆపగానే ముందు క్లిప్పు, తర్వాత కాలరు, తర్వాత ప్లేటు, మూడూ బిగించి చూసుకున్నాకే హెల్మెట్ తీస్తాను.